చీమలపుట్టల్లో పోసిన పొడి

హలో… ఆ, నేనే బావా, నరసింగరావుని. కొత్తవలస పోస్టాఫీసు నుంచి.

… కుశలాలకి ట్రంకాల్ సెయ్యలేదు. ఈవేళ తెల్లారి ఆరింటికి ఎర్రగొంగళి పురుగు మా వేరుశెనగలో దిగినాది. పదింటికి తూరుపు మడిలో ఆకు లేదు.

… పురుగుమందు పొడి సల్లాలా? ఏ పొడి? మీ వ్యవసాయం ఆఫీసు మా ఊరికిచ్చిన ఆరు బస్తాలూ నువ్వే చీమలపుట్టల్లో పోయించినావు గదా.

— మరిసిపోనావా? పోయిన నెల. గట్టు మీద పుట్ట తవ్వించినావు. నువ్వుగింజంత పురుగు కనపడినాది. రెక్కల్లేవు. కీచురాయి పిల్లలన్నావు. రెక్కలొస్తే ఊరి పంటంతా కొరికేస్తాయన్నావు.

… అవి పిల్లలు కావు బావా. మా హైస్కూలు సైన్సు మేష్టారు త్యాగరాజుగారు భూతద్దం కింద పెట్టి సూపించినారు. దాని కడుపులో గుడ్డున్నాది. గుడ్డెట్టే పిల్లని మీ ట్రైనింగులో సూపించినారేటి?

… అది అంతకన్నా ఎదగదు. రెక్కలు రానే రావు. చీమల దగ్గిర తిండి కాజేసి పుట్టలోనే బతుకుతాది. శెనగాకు ముట్టదు.

… పురుగుల సదువు సదివినావనే గదా మా సెల్లెల్నిచ్చినాం.

… సరే. ఇంకో ఆరు బస్తాలు పంపు. … ఎందుకు రావు?

… 'కీచురాళ్ల నిర్మూలన పూర్తి' అని రిపోర్టు రాసినావా! … మెచ్చుకున్నారా. ఎవురు, చీమలా?

— అయితే ఇప్పుడు మళ్లీ రాయి. పురుగుని పోల్చుకోలేదు, పొడి వృథా అయినాది అని. … పరువేటి? పరువు నీ ఒక్కడిది. శెనగ పదిళ్లది.

… మూడు నిమిషాలయినాయా? ఆపరేటరమ్మా, ఇంకో మూడు ఇయ్యి. … బావా, రాస్తన్నావా?

… సదువు. … 'రైతులు సూపగా'? సూపింది నువ్వు. తవ్వించింది నువ్వు. ఆ మాట కొట్టీ.

… 'నేను' అని రాయి. … రెండక్షరాలే. పెన్ను మొయ్యలేకపోతన్నాదా?

… తేదీ ఎయ్యి. పదిహేడు, ఎనిమిది, అరవైయేడు. … సంతకం? … పెట్టినావా.

… బస్తాలెప్పుడొస్తాయి? … సోమవారమా! ఈవేళ గురువారం.

… ఉండు, మా తమ్ముడు ఎర్రన్న సేను కాణ్ణించి సైకిలేసుకొచ్చినాడు. — ఏటిరా?

…

హలో, బావా. పదకొండయినాది. రెండో మడిలో కూడా ఆకు లేదు. పెట్టేస్తన్నాను.