ఒగాల్లో పంట

విక్టోరియా సరస్సు, కెన్యా వైపు ఒడ్డు. నీళ్ళ మీద పరుచుకున్న గుర్రపుడెక్క మొక్కల్లో పడవ ఇరుక్కుని మధ్యలో ఒబూయా. కొండ మీది నుంచి దిగివచ్చి ఒడ్డున నిలబడినవాడు అతని బావమరిది, పేరు ఒగాల్లో.

“తాడు విసరమంటే నిలబడి చూస్తావేంట్రా ఒగాల్లో!”

“విసిరాను బావా. నీదాకా రాలేదు.”

“మళ్ళీ విసురు. చేపలు ఎండకి పాడైపోతున్నాయి. కొనే ఆడవాళ్ళు ఉన్నారా, పోయారా?”

“ఉన్నారు. ఒకామె ఖాళీ బేసిను నెత్తికెత్తుకుంది.”

“వాళ్ళని ఆపరా! వాళ్ళతో ఏదో ఒకటి మాట్లాడు!”

“ఏం మాట్లాడను? నా దిగులు నాది. ఈసారీ మొక్కజొన్న ఎదగలేదు. అంత ఎరువేశానా, మోకాలెత్తు లేదు.”

“ఎప్పుడేశావ్?”

“మబ్బు పట్టగానే. పైపైన చల్లేశాను.”

“మట్టిలో కప్పలేదా?”

“వానే కలుపుకుంటుంది గదా. నాకెందుకు ఒళ్ళునొప్పులు?”

“చాళ్ళెటు దున్నావ్? అడ్డంగానా, నిలువుగానా?”

“నిలువుగానే. కొండ మీంచి తిన్నగా కిందికి. అడ్డం దున్నితే ఎద్దులు అలుగుతాయి.”

“ఎద్దులా, నువ్వా?”

“…అందరం.”

“వాన పడ్డాక ఏరెలా పారింది?”

“ఎర్రగా. చూడ్డానికి భలే ఉంది.”

“ఉంటుంది, ఎందుకుండదు! నీ ఎరువు మట్టిని పట్టుకుంది. వాన ఆ మట్టిని ఊడ్చి ఏట్లో పోసింది. ఏరు తెచ్చి ఇక్కడ పోసింది. నీ ఎరువులోని భాస్వరం తినే ఈ డెక్క ఇంత బలిసింది.”

“ఇదంతా నా ఎరువేనా?”

“మీ కొండోళ్ళందరిదీ. నీది కాస్త ఎక్కువ.”

“ఎంత పచ్చగా ఉంది బావా! పువ్వు కూడా వేసింది!”

“ఒరేయ్, తాడు!”

“ఆగు. నా ఎరువుతో పెరిగితే ఇది నా పంటే గదా?”

“ఏంటీ?”

“నా పంటలో పడవ పెట్టావు. పైగా తెడ్డుతో బాదుతున్నావు. నన్నడిగావా?”

“మీ అక్కని చేసుకున్నందుకు నాకు కావాల్సిందే.”

“అక్క మాటెందుకిప్పుడు? నష్టానికి ఒక బేసిను చేపలియ్యి.”

“ఒడ్డుకొస్తే గదా ఇచ్చేది!”

“అమ్మలారా, వినండి! ఈ పంట నాది! ఈ ఒగాల్లోది! నన్నడక్కుండా ఒక్క కాడ పీకడానికి లేదు! …బావా, అక్కడ డెక్క ఊగుతోందేంటి?”

“అరవకు. నీటిగుర్రం.”

“అమ్మో! ఏం చేస్తోంది?”

“నీ పంట తొక్కుతోంది.”

“నువ్వు కదలకు బావా!”

“కదలకపోతే ఎలా? అది తొక్కుకుంటూ పోతుంటే వెనక నీళ్ళు తెరుచుకుంటున్నాయి. కాస్త ఎడంగా నేనూ తెడ్డేస్తున్నా. ఆడవాళ్ళని ఉండమను, చేపలొస్తున్నాయి.”

“వాళ్ళు చెట్టెక్కేశారు! బేసిన్లతో సహా!”

“మంచిది. ఇక ఎక్కడికీ పోరు.”

“బావా… అది ఎటొస్తోంది?”

“ఇంకెటు? పంట ఎవరిదో నువ్వే గదా అరిచి చెప్పావు.”