ఆఖరి ట్రిప్పు

మూడు రోజులుగా జాడలేని పడవ కోసం సముద్రమంతా గాలిస్తున్న చిన్న విమానం ఇంధనం నింపుకోవడానికి దిగింది. పడవలో ఉన్నవాడి అక్క తిన్నగా పైలట్ దగ్గరికి వెళ్లింది.

"పైనుంచి ఎంత దూరం కనిపిస్తుంది బాబూ?"

"మేం తిరిగే ఎత్తులో అరవై కిలోమీటర్లమ్మా, ఆకాశం నీళ్లకు ఆనేదాకా. పెద్ద విమానాలకైతే మూడొందల యాభై."

"మరి మీరూ అంత పైకి వెళ్లరేం?"

"అక్కణ్ణుంచి కనిపించేది నీళ్లేనమ్మా. మీ తమ్ముడి పడవ నలుసంత కూడా కంటికి ఆనదు. కిందుగా తిరిగితేనే మనిషి తల కనబడుతుంది, అదీ అరకిలోమీటరు లోపయితేనే."

"ఇవాళ్టితో ఆపేస్తారట."

"పై ఆర్డరమ్మా. ఇదే ఆఖరి ట్రిప్పు."

"ఎడమ కిటికీలోంచి చూసే మనిషికి జ్వరమట కదా. ఆ సీట్లో నన్ను కూర్చోబెట్టండి."

"రూల్సు ఒప్పుకోవు."

"ఇంట్లో కూర్చుని తింటున్నావని నేనే వాణ్ణి పడవెక్కించాను బాబూ."

పైలట్ విమానం తలుపు తెరిచాడు.

"బెల్టు గట్టిగా పెట్టుకోండి. దూరం చూడకండి, రెక్క కిందే చూడండి."

పొద్దు వాలేదాకా ఆమె రెప్ప వేయలేదు.

"ఇక తిరగాలమ్మా. ఇంధనం ఇంటిదాకానే వస్తుంది."

"లైట్లన్నీ వేసి, వెళ్లేది ఎత్తుగా వెళ్లండి బాబూ."

"ఎత్తు నుంచి మనకేం కనబడదని చెప్పాను కదమ్మా."

"మనకు కాదు. వాడెక్కడున్నా వాడికి మనం కనబడతాం."

పైలట్ లైట్లు వేసి విమానాన్ని పైకి లేపాడు.