అంబలి తేటతో జ్ఞానస్నానం

"అమ్మమ్మా, ఆదివారం మా పాపకి జ్ఞానస్నానం కదా. నీ మొదటి బిడ్డకి నువ్వే ఇచ్చినావట, నిజమేనా?"

ఎవులు సెప్పినారే నీకు? మీ అమ్మేనా? దాని నోట్లో నువ్వుగింజ నానదు. సరే, ఆ గుంటని ఇలాగ నా ఒళ్లో ఎట్టు, సెప్తాను. మెడ కింద సెయ్యెట్టాల, అలాక్కాదు. ఆఁ.

అప్పుడు మేం కొండ మీద పోడులో ఉండీవోళ్లం. సామలు కోతకొచ్చినాయి, పందులు పడతన్నాయనీసి గుడిసేసుకుని కాపలా. మీ తాత అరకు సంతకెల్లినాడు... సంత కాదులే, సంత శుక్రవారం కదా, ఆవేల శుక్రవారం కాదు, ఉప్పుకెల్లినాడో ఏటో. నానూ మా అత్తా ఉన్నాం. నాకు ఏడో నెల. పొద్దున్నే నొప్పులొచ్చీసినాయి, మద్దేన్నానికి పుట్టీసినాది గుంట. ఇంతే, నా అరసెయ్యంత. ఏడవనేదు. మూలిగినాది అంతే.

మా అత్త కొండదేవతకి మొక్కే మనిసి, సచ్చినవరకూ మన గుడి మెట్టెక్కనేదు. అయినా ఆవిడే అన్నాది, "ఒలే, మీ సామి మాటలేవో ఉన్నాయి కదా, సెప్పీ బేగి. నాను నీల్లు తెత్తాను" అనీసి కుండట్టుకుని గెడ్డకి పరిగెట్టినాది. గెడ్డంటే ఇక్కడా? అంత కొండా దిగి మల్లీ ఎక్కాల. గుడిలో జపాలు నేర్పీ మా ఉపదేశి సెప్పీవోడు, గుడి సామి అందకపోతే ఎవులైనా నీల్లు పోసి పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున అనీసి ఇయ్యొచ్చు, బిడ్డకి నిత్యజీవం వత్తాది అని. గుంట ఆగి ఆగి ఊపిరి తీత్తన్నాది. నీల్లేవి? ఆనపబుర్రలో సోడంబలి ఉన్నాది, పైన తేట తేరుకుని. ఆ తేటే వంచీసినాను నుదిటి మీద, మూడుసార్లు. మరియ అని పేరెట్టినాను. మా అత్త కుండతో వచ్చినప్పటికి గుంట పోనాది.

తర్వాత ఏడాదికో, కాదు, మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు, అదే ఉపదేశి సెప్పినాడు. మంచినీల్లే ఉండాలట, పాలూ గంజీ అంబలీ పనికిరావట. అంబలి తేటతో ఇచ్చినానని ఎవులికీ సెప్పనేదు, మీ తాతక్కూడా. దాన్ని సిలవ కింద పాతినారు కదా, జ్ఞానస్నానం సెల్లనేదని తవ్వి తీసీమంటారేమోనని బయం. ఏటేటా ఆత్మల పండక్కి దాని మీద కొవ్వొత్తి ఎలిగించీదాన్ని గానీ, దొంగ లాగ ఎలిగించీదాన్ని. ఇప్పుడుంటే మీ అమ్మకన్నా పెద్దది. సంతలో ఆ ఈడు ఆడమనిసి పసుపు అమ్ముతా కనిపిత్తే నిలబడిపోతాను. మొగం సూత్తాను, ఉత్తినే. నాకు మోచ్చం కావాలంటే దానికోసమేనే. మీ తాత ఉన్నాడనుకో అక్కడ, ఆయన్ని నలబై ఏల్లు సూసినాను కదా.

మొన్న ఈస్టరు ముందు తపస్కాలంలో మన గుడి కొత్త సామికి సెప్పీసినాను. కుర్రోడు, మీ ఈడు. మంచినీల్లు దొరికుంటే బాగున్ను సామీ అని ఏడిసినాను. "ఇది పాపమే కాదమ్మా. దేవుడు నీ మనసు చూస్తాడు గానీ ఆనపబుర్రలో ఏముందో చూడడు. నీ బిడ్డ ఆయన చేతుల్లోనే ఉంది" అన్నాడు. కాదు, ఏదో శిచ్చ ఎయ్యి సామీ అంటే, ఒక్క మంగళవార్త జపం సెప్పుకోమన్నాడు. ఇన్నేల్లు మోసినదానికి ఒక్కటే! నాను జపమాలంతా తిప్పీసినాను.

ఇంకోటి ఉన్నాదే, ఆ సామికీ సెప్పనేదు. ఆ తేట నుదిటి మీంచి జారి పెదాల మీదకొచ్చినాది. గుంట నాలిక బయటెట్టి సప్పరించినాది. ఆకలి దానికి. నాకా, ఇంకా పాలు పడనేదు. మంచినీల్లుంటే బాగున్నని సామితో అన్నాను గానీ, ఇప్పుడడిగితే అనను. నా సేత్తో దానికెట్టిన తిండి అదొక్కటేనే.

ఇదిగో, తీసుకో నీ పిల్లని, గుప్పిట నోట్లో ఎట్టుకుంటన్నాది. పాలియ్యి బేగి. నీ సేతి ముద్దలు తిని, పెరిగి, ముసిల్దవ్వాల ఇది. నాకన్నా ముసిల్దవ్వాల.