డబ్బా డబ్బాకీ గొళ్ళెం పెట్టిన మా అక్క

1998 జూన్ ఒకటో తారీఖు, సోమవారం పొద్దున, తర్వాత్తర్వాత ‘గొళ్ళెం మేడం’ అని పేరు పడ్డ మా మేడం గారు ఈ ఆఫీసులో ఉద్యోగానికి చేరారు. గేటు దగ్గర వాచ్‌మన్ సలాం కొట్టి లోపలికి పొమ్మంటే, “నా కార్డు చూడకుండా ఎలా పంపిస్తావయ్యా?” అని ఆయన్నే నిలదీశారు. కార్డు చూసేదాకా అడుగు కదపలేదు. వెనకాల క్యూ బస్టాండు దాకా పోయిందంటారు గానీ అది తప్పు. బస్టాండు దాటింది. చివర నిలబడ్డది నేనే.

నేను ఈ ఆఫీసు ఏసీ మెకానిక్‌ని. మేడం గారు నాకు అక్క, ఆవిడకి నేను తమ్ముణ్ణి. వరస కలిపింది సర్వర్ రూము. ఆ గదిని ఎంత చల్లగా పెట్టేవాణ్ణంటే, ఒకసారి నన్ను కుట్టడానికొచ్చిన దోమ ఆ పని మానుకుని శాలువా అడిగింది. అంత చలిలో స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుని, మన మెషీన్లలోకి దొంగలు చొరబడకుండా ఇన్నేళ్ళు కాపు కాసిన ఘనత వారిది.

మొదట్లో బయటి గోడ గట్టిగా ఉంటే సరిపోయేది. తర్వాత డబ్బాల కాలం వచ్చింది. ప్రోగ్రాములన్నిటినీ వేటికవి డబ్బాల్లో, అదే కంటైనర్లలో పెట్టి, దేన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో, పడిపోయినదాన్ని ఎలా లేపాలో చూసుకునే ఒక మేస్త్రీ ప్రోగ్రాముకి అప్పజెప్పారు. ఆ మొత్తం గుంపుని క్లస్టర్ అంటారు. మన క్లస్టర్ మీద నడిచేది ఆసుపత్రి పని. ఎవరికి ఏ డాక్టరు, ఎవరి డయాలసిస్ ఎప్పుడు, ఎవరి జబ్బేమిటి, అన్నీ అందులోనే.

అక్క బెంగ అక్కడే మొదలైంది.

“తమ్ముడూ, గేటు దగ్గర పులిలాంటి కాపలా ఉంది. లోపల మాత్రం ఏ డబ్బా అయినా ఏ డబ్బాతోనైనా మాట్లాడొచ్చు. డాక్టర్ల ఫొటోలు చిన్నవి చేసే డబ్బాకి, పేషెంట్ల జబ్బులు దాచే డబ్బాతో ఏం పని?”

“మంచీ చెడ్డా కనుక్కోడానికేమో అక్కా.”

“దొంగ ఒక్కడు ఫొటోల డబ్బాలో దూరాడనుకో. వాడూ అలాగే అందర్నీ కనుక్కుంటూ పోతాడు.”

పెద్దసారు దగ్గరికెళ్ళి అదే చెప్పారు. “లోపలి దారులన్నీ మూసేద్దాం సార్. పనున్న డబ్బాకి, పనున్న చోటికే దారి తీద్దాం. మాట్లాడే ముందు రెండూ ఒకదానికొకటి గుర్తింపు చూపించుకోవాలి. ఆ మాట మూడోవాడికి అర్థం కాకూడదు.”

“సొంత ఇంట్లో మనుషుల మధ్య కూడా గొళ్ళెం ఏంటమ్మా?”

“మా ఇంట్లో ఉంది సార్.”

ఉన్నమాటే. బావగారిది కళ్ళద్దాల షాపు. ఆయన ఇంటికొచ్చి తలుపు కొడితే లోపల్నుంచి “ఎవరు?” అంటారు అక్క. “నేనే” అంటే, “నేనే అని దొంగ కూడా అంటాడు” అంటారు. ఒకరోజు జోరువానలో బావగారికి ఒళ్ళు మండింది. “నా సంగతి సరే, లోపలున్నది నా పెళ్ళామేనని గ్యారంటీ ఏంటి? ముందు నువ్వు చెప్పు!” అని అరిచారు. అక్కకి కోపం రాలేదు సరికదా, “అమ్మయ్య, ఇన్నాళ్ళకి మీకు అర్థమైందండీ! రెండువైపులా చూసుకోవాలి!” అని తెగ సంబరపడిపోయారు. ఇద్దరూ ఒకరి ఆనవాళ్ళు ఒకరికి చెప్పుకునేసరికి వాన వెలిసింది, ఎండ కాసింది, బావగారి బట్టలు ఒంటిమీదే ఆరి ఇస్త్రీ కూడా అయిపోయాయి.

చివరికి పెద్దసారు మెత్తబడ్డారు. “ఆసుపత్రిలో ఓపీకి సెలవున్న ఆదివారం ఒక్కపూట ఇస్తా. ఆ పూట వాళ్ళు కాగితం మీద రాసుకుంటారు. మధ్యాహ్నానికి అన్నీ నడవాలి. నడవలేదా, దారులన్నీ తెరిచేస్తాం, ఈ మాట మళ్ళీ ఎత్తకూడదు” అన్నారు. అక్క ఏళ్ళ తరబడి మోసుకొచ్చిన ఆలోచన మొత్తం ఆ ఒక్కపూట మీద పడింది.

వారమంతా సీటు సీటుకీ తిరిగారు. “మీ డబ్బా ఎవరితో మాట్లాడుతుంది?” అంటే, “అందరితోనండీ” అనేవాళ్ళు. “అందరితో మాట్లాడేది డబ్బా కాదు నాయనా, నువ్వు” అని చురక వేసి, అసలు సంగతి రాబట్టేవారు.

ఆదివారం వచ్చింది. అన్ని దారులూ మూశారు. కావలసినవి ఒక్కొక్కటే తీశారు. తీరా చూస్తే స్క్రీనంతా ఎర్రగా మందారం పూసినట్టుంది. ఒక్క డబ్బా నోరు విప్పితే ఒట్టు! ఆఫీసు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, గోడ మీద బల్లి పురుగుని నోట్లో పెట్టుకుని మింగడం మర్చిపోయింది.

“కాపలా బ్రహ్మాండం మేడం, దొంగలే కాదు, మనమూ పోలేం” అన్నాడు వెనకనుంచి ఒకడు.

పెద్దసారు గడియారం చూశారు. “ఇంక చాలమ్మా. అన్నీ తెరిచేయండి.”

అంతలో అక్క నెత్తి కొట్టుకున్నారు. “ఓరి నా మతి మండ! అడ్రసులు చెప్పేవాడి దారి మూసేశాను!”

సంగతేంటంటే, పడి లేచినప్పుడల్లా డబ్బా అడ్రసు మారిపోతుంది. అందుకని డబ్బాలు ఒకదాని పేరు ఒకటి గుర్తుపెట్టుకుంటాయంతే. ఆ పేరు ఇప్పుడెక్కడుందో చెప్పడానికి డీఎన్‌ఎస్ అని వేరే ఒకటుంది. చుట్టాలందరికీ గదులు తెరిచిపెట్టి, ఏ గది ఎటో చెప్పే మనిషిని మాత్రం బాత్రూములో పెట్టి గడియ వేసినట్టయింది!

“అన్నీ వద్దు సార్, ఒక్కటే తెరుస్తా. టీ చల్లారేలోపు.”

“టీ ఎక్కడిది?”

“మీ చేతిలోది. తాగకండి.”

నేను పరుగెత్తుకెళ్ళి ఆ గదిలో ఏసీ కట్టేశాను. నా సర్వీసులో టీ కోసం ఏసీ ఆపింది అదొక్కసారే. అక్క వేళ్ళు టకటకమన్నాయి. ఎర్రవన్నీ ఒకటొకటే పచ్చబడ్డాయి. పెద్దసారు కప్పు ఎత్తి ఒక గుక్క తాగి, “వేడిగానే ఉంది. ఉండనివ్వండి మీ గొళ్ళేలు” అన్నారు.

ఆ ఎండాకాలమే దొంగ వచ్చాడు. సరిగ్గా ఫొటోల డబ్బాలోనే దూరాడు. ఆ డబ్బాకి ఫొటోల గిడ్డంగి దారి తప్ప ఇంకోటి లేదు. తలుపులు కొట్టీ కొట్టీ వాడి వేళ్ళు వాచి సొరకాయలై ఉంటాయి. కొట్టిన ప్రతి దెబ్బా అక్క స్క్రీన్ మీద కనబడింది. ఆ డబ్బాని పీకి పారేశారు, మేస్త్రీ కొత్తది నిలబెట్టాడు.

పెద్దసారు గాభరాగా వచ్చారు. “ఏం పట్టుకెళ్ళాడమ్మా?”

“డాక్టర్ల ఫొటోలు సార్. చిన్న సైజువి.”

ఆయన పెద్దగా నవ్వారు. నవ్వి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ మెల్లిగా అన్నారు: “ఆ పేషెంట్లలో మా అమ్మ కూడా ఉందమ్మా.”

అక్కా, ఈ నెలాఖరున మీరు పదవీ విరమణ చేస్తున్నారు. బీపీకి, షుగరుకి, మోకాళ్ళ నొప్పులకి మీ ఒంట్లోకి ఒక్క దారి కూడా ఇవ్వకండి. కడుపునిండా నవ్వుకీ, కంటినిండా నిద్రకీ, మనవరాలి అల్లరికీ మాత్రం దారులన్నీ బార్లా తెరిచిపెట్టండి. బావగారూ మీరూ నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి. మనం నడిపే ఆసుపత్రి క్యూలో మీ పేరు ఎన్నడూ పడకూడదు. పొరపాటున పడినా, ఆ డబ్బాలన్నీ ఒక్క గొంతుతో “ఈవిడకి ఇక్కడ పనిలేదు, ఇంటికి పంపండి” అనాలని కోరుకుంటూ,

మీ తమ్ముడు,
ఏసీ మెకానిక్