ఐదో నెల స్కానింగ్

అమలాపురంలో స్కానింగ్ గది. బల్లమీద సన్నగా ఏడుస్తున్న నాలుగు రోజుల పసివాడు. పక్కన తల్లి అనురాధ, నాయనమ్మ సూరమ్మ. తెర మీంచి చూపు తిప్పుకోలేకపోతున్న డాక్టరు ఉమామహేశ్వరి.

"ఏడిస్తేనే నీలంగా అవుతున్నాడా, ఊరికే ఉన్నప్పుడు కూడానా?"

"పుట్టిన కాణ్ణుంచీ అంతేనండీ. పాలు రెండు గుక్కలు తాగి వదిలేస్తన్నాడు, ఆయాసం—"

"నువ్వూరుకో అనూ. చలికండి డాక్టరమ్మగారూ, చలికి. మగపిల్లాడు కదా, చూసినోళ్ల దిష్టి కూడానూ."

"దిష్టి కాదు సూరమ్మగారూ. ఇటు చూడండి. గుండె కుడిపక్కకి ఉంది. పైగా అందులోంచి బయటికొచ్చే రెండు పెద్ద రక్తనాళాలూ తారుమారుగా ఉన్నాయి. మంచి రక్తం ఒంటికి అందట్లేదు."

"అయ్యబాబోయ్! నా మనవడు బతుకుతాడా అండీ?"

"విశాఖ పంపిస్తున్నాను. దారిలో నిలబడతాడో లేదో చెప్పలేను. ఐదో నెలలో చూసింది నేనే కదా? బిడ్డ గుండె తేడాగా ఉంది, కాకినాడలో పిల్లల గుండె డాక్టరుకి చూపించమన్నాను. చూపించి ఉంటే కాన్పు పెద్దాసుపత్రిలో చేసి, పుట్టగానే మందు మొదలెట్టేవారు. ఎందుకెళ్లలేదు?"

"అప్పుడు గోదారి వరదలండీ."

"వరదలకి మీ ఉప్పలగుప్తం బస్సు ఒక్కరోజు కూడా ఆగలేదు."

"అంటే... మావోడికి అంబాజీపేటలో కొబ్బరికాయల లోడింగండీ. కుదర్లేదు."

"నేనొక్కదాన్నే ఎళ్తానని ఏడ్చేనండీ—"

"ఊరుకోమన్నానా!"

"ఊరుకోనత్తయ్యగారూ! ఎందుకెళ్లద్దన్నారో చెప్పండి. చెప్పండి డాక్టరుగారికి."

"ఏం చెప్పాలే? మీరే కదండీ డాక్టరమ్మగారూ! ఏ పిల్లండీ అంటే, చెప్తే జైలన్నారు. ఆ ఎంటనే తెర చూసి మీ మొహం వాడిపోయింది. కాకినాడ ఎళ్లమన్నారు. ఆడపిల్లని సైగ చేసేరనుకున్నామండీ."

"సైగేమిటండీ? గుండె అని నోటితో చెప్పాను కదా!"

"ఆయ్, చెప్పేరు. అది పైకి అనే మాటేమో, ఆడపిల్లకి అంత తిరుగుడూ ఖర్చూ ఎందుకులే అనుకున్నాం."

"డాక్టరుగారూ, బాబు ఏడుపు ఆపేశాడండీ. పెదాలు... పెదాలు చూడండి!"

"సిస్టర్, ఆక్సిజన్! అంబులెన్సు గుమ్మం దగ్గరికి రమ్మను. అనురాధా, బాబునెత్తుకో, పదమ్మా, పద."

"మగపిల్లాడని ఒక్క మాట... ఒక్క మాట అప్పుడే చెప్పుంటే, ఆ రోజే కాకినాడ తీసుకెళ్లిపోదుం కదండీ డాక్టరమ్మగారూ!"