ఒకటైతే నిజం, రెండైతే అబద్ధం

హలో… ఆ, నేనే వదినా, నీ కోతలరాయుడు మరిదిని…

ఏంటి, గొంతు అలా ఉంది? ఏడ్చావా?…

అన్నయ్య గొంతులో గడ్డ మళ్ళీ వచ్చిందా! రేపే ఆస్పత్రిలో చేర్పించమన్నారా… అన్నయ్యేమో తల అడ్డంగా ఊపుతున్నాడు… ఊఁ…

అవును, మొదటి ఆపరేషన్‌కి ఒప్పించింది నేనే. ఇప్పుడూ నేనే ఒప్పించాలా… సరే, ఏడవకు. ఫోను ఆయన చెవి దగ్గర పెట్టు. చేతికి చెంచా ఇవ్వు. నువ్వు వంటింట్లోకి వెళ్ళు. పక్కనుంటే నీ ముఖం చూసి జవాబు చెప్తాడు… వెళ్ళు తల్లీ.

— అన్నయ్యా!… అబ్బ, మెల్లగా! గొంతు పోయాక నీ పలకరింపుకి బలం ఎక్కువైంది. చెంచాతో అలా కొడితే ఆ ఫోను పగిలిపోతుంది.

రోజూ ఆడే ఆటే, నేను చెప్తా, నువ్వు తేల్చు. ఒకటి కొడితే నిజం, ఔను. రెండు కొడితే అబద్ధం, కాదు… ఆ.

ఇవాళ ఓ ఇంగ్లీషు నానుడి. జన్మంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాడివి, నా ఐదో తరగతి ఇంగ్లీషుకి నవ్వకు. 'బైట్ ద బులెట్'. తుపాకి గుండు కొరకడం.

ఎలా పుట్టిందంటే… ఓ సిపాయి గుండుని ఎంత గట్టిగా కొరికాడంటే, అది నోట్లోనే పేలి, డాక్టరు టోపీ ఎగిరి, బయట మేస్తున్న గుర్రం నెత్తిన కూర్చుంది. ఆ రోజంతా పటాలం గుర్రానికే సెల్యూట్లు…

రెండు. అబద్ధమే, ఒప్పుకున్నా.

అసలుది ఇదట. మత్తుమందు లేని రోజుల్లో, దెబ్బతిన్న సిపాయికి కాలు తీసేయాల్సొస్తే పళ్ళ మధ్య సీసపు గుండు పెట్టేవారట. సీసం మెత్తన, పళ్ళు విరగవు. గుండు మీద పంటి గాట్లు పడేవట…

ఒకటి. నువ్వూ అలాగే చదివావన్నమాట.

అంటే, తప్పని బాధని పంటిబిగువున ఓర్చుకోవడం…

ఏం, చెంచా ఆగిపోయింది?… పట్టేశావా. అవును, అందుకే తెచ్చాను.

ఇంకొక్కసారి కోయించుకో అన్నయ్యా… రెండు.

తిండికి పొట్టలోకి గొట్టం పెడతారట, నిజమే. కానీ ఓ ఏడాది కలిసొస్తుందట కదా… రెండు.

పోనీ, వదిన కోసం?…

అన్నయ్యా?…

రెండు. అంత నెమ్మదిగా కొట్టావేం.

పోయినసారి ఒప్పుకున్నావుగా! మూడు నెలల్లో మాట తిరిగొస్తుందని డాక్టరు నాతో అన్నాడని చెప్పగానే, చొక్కా వేసుకుని బయల్దేరావు… రెండా? ఏది అబద్ధం? డాక్టరు అలా అనలేదనా?…

ఒకటి.

…నిజమే. ఆయన అనలేదు. నేనే కల్పించాను. ఎప్పుడు తెలిసింది, ఆపరేషన్ అయ్యాకా?… రెండు. ముందేనా?…

ఒకటి.

తెలిసీ ఆపరేషన్ బల్లెక్కావా! ఎవరి కోసం?… వదిన బతిమాలిందనా?… రెండు.

నా కోసమా?…

…

ఉండు. ముక్కు చీదుకోనీ… ఏడవట్లేదు… రెండు కొట్టకు! ఏడవట్లేదన్నానా.

అన్నయ్యా, ఒక్కటే అడుగుతా. ఇంకేమీ లాగను. నిజంగా ఇక చాలంటావా?…

ఒకటి.

…సరే. వద్దు. రేపు పొద్దుటి బస్సుకి నేనొస్తున్నా. వదినని పిలువు. గట్టిగా కొట్టు, వంటింట్లోకి వినపడాలి.

— వదినా… ఆ, మాట్లాడాను…

ఒప్పుకున్నాడు. నీ కోసం అనగానే ఒక్కటే కొట్టాడు, ఠక్కున… ఆగు, సంచి సర్దకు. తర్వాత నేనే వద్దన్నాను…

అవును, నేనే. పట్టుబట్టి మాన్పించాను… కారణమా? నా బుద్ధికి అలా తోచింది…

ఆయన్నేమీ అనకు. ఆయన నీ మాట తీసెయ్యలేదు… ఊఁ… తిట్టు… నీ ఇష్టం, ఇంకా తిట్టు, నన్నే—

హలో… వదినా?… హలో…