కొలిమిలో గుడ్డు

డ్రాగన్ తగలబెట్టిన ఊళ్లో కమ్మరి కొలిమి ఒక్కటే మిగిలింది. పందొమ్మిదేళ్ల ఊరిపెద్ద సమ్మెట పట్టుకుని కమ్మరి అయిన మేనమామ ముందు నిలబడింది. వీధి నిండా జనం.

"తలుపు తెరిచే ఉంచు మామయ్యా. మా నాన్నను చంపినదాని గుడ్డు పగలడం అందరూ చూడాలి."

"చూస్తార్లే. ఇంకా నిప్పుల్లోనే ఉంది."

"మూడు రోజుల నుంచీ కాలుస్తూనే ఉన్నావా?"

"మెత్తబడందే సమ్మెట దిగదమ్మాయ్. నలభై ఏళ్లుగా నేను చేస్తున్నదదే."

"అది ఇనుముకు! డ్రాగన్లు గుడ్లు పొదిగేదే నిప్పుల్లో కదా!"

"ఓరి నా తెలివి తెల్లారినట్టే ఉంది!"

"అదిగో, పెంకు చీలింది. జరుగు, కొట్టేస్తాను."

"కొట్టు. నా ఇల్లూ కాలింది, నేనేం అడ్డుపడను. కానీ దాని తల్లి మన మీదికి ఊరికే రాలేదు. ఈ గుడ్డును కొండ మీంచి ఎత్తుకొచ్చింది మా బావే, మీ నాన్న."

"తెలుసు."

"తెలిసేనా ఇంత పంతం?"

"నాన్నను తిట్టలేక, మామయ్యా."

"పెంకు ఊడిపోతోంది, చూడమ్మాయ్."

"అయ్యో, బయటికొచ్చేసింది! నా వేలు పట్టుకుంది!"

"కరిచిందా?"

"పళ్లే లేవు దీనికి. వణికిపోతోంది."

"నిప్పుల్లోంచి వచ్చిన పిల్ల, వణకదా మరి! సమ్మెట ఇలా ఇవ్వు, కాలి మీద పడేసుకుంటావు."

"తెల్లారగానే కొండెక్కుదాం. దీన్ని తల్లికి అప్పగిద్దాం."

"అంతవరకూ జనానికేం చెప్పను?"

"నాన్న ఎత్తుకొచ్చింది నేను తిరిగిచ్చేస్తున్నానని చెప్పు. ముందు ఆ తలుపు వెయ్యి మామయ్యా, చలిగాలి కొడుతోంది."